బడి ఈడు: గిర్మిట్ కాగితం నుండి ఎమిరేట్ల కిండర్‌గార్టెన్ వరకు

పిల్లవాణ్ణి ఎన్నో ఏట బడిలో వేయాలి? వేసిన తరువాత ఆ బడిలో వాడు ఏం చేయాలి? బిడ్డలున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నలు తలెత్తుతాయి. తాతగారు ఒక మాట చెబుతారు, అమ్మమ్మ మరొకటి చెబుతుంది, పక్కింటి పిల్ల అప్పుడే ఏబీసీడీలు అప్పజెబుతోందని తల్లి బెంగపడుతుంది. అరబ్బు ఎమిరేట్లలో, అంటే అబూదబీ, దుబాయి, షార్జా మొదలైన ఏడు ఎమిరేట్ల సమాఖ్యలో నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత చిక్కుగా తయారయింది. 2026-27 విద్యాసంవత్సరం నుండి బడి ఈడు లెక్కగట్టే తేదీని అక్కడి ప్రభుత్వం మార్చింది. ఒకే వీధిలో ఒకే వారంలో పుట్టిన ఇద్దరు బిడ్డలు రెండు రకాల బడుల్లో చేరితే, వారి తరగతుల మధ్య ఏడాది తేడా వచ్చే పరిస్థితి ఏర్పడింది.

మారిషస్, నాటాల్, ఫిజీ, మలయా తోటలకు వెళ్లిన కూలీల సంతతివారమైన మనకు ఎమిరేట్ల కిండర్‌గార్టెన్‌తో పని ఏమిటని పాఠకులు అడగవచ్చు. పని ఉన్నది. బ్రతుకుతెరువు కోసం సముద్రం దాటిన తెలుగువారి బిడ్డల వయసును ఎవరో ఒకరు కాగితం మీద గీత గీసి విభజించడం ఇది మొదటిసారి కాదు. ఆ గీతలు మన తాతముత్తాతల మీద ఎలా పడ్డాయో, వాటివల్ల మనం ఏం పోగొట్టుకున్నామో మనకు తెలుసు. తెలిసినవారు చెప్పకపోతే కొత్తగా వలస వెళ్లినవారికి ఎలా తెలుస్తుంది?

ఐదో ఏట బియ్యంలో అక్షరం

ముందు మన పాత ఆచారం ఏమిటో చూద్దాం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన పరిపాలనలోని జిల్లాలన్నిటా బడుల లెక్కలు తీయించాడు. బళ్ళారి కలెక్టరుగా ఉన్న ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపాడు. ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేయించిన పండితుడు. తెలుగు, కన్నడ బడులను దగ్గరగా చూసిన మనిషి. పిల్లల చదువు సాధారణంగా ఐదేళ్ల వయసులో మొదలవుతుందని ఆయన రాశాడు. ఆ రోజున పంతులు, తోటి విద్యార్థులు బాలుని ఇంటికి వస్తారు. వినాయకుని ప్రతిమ చుట్టూ కూర్చుంటారు. బిడ్డను ఆ ప్రతిమకు ఎదురుగా కూర్చోబెట్టి, ధూపం వేసి, ప్రార్థన పలికించి, పంతులు వాడి వేలు పట్టుకొని బియ్యంలో దేవుని నామాలు దిద్దిస్తాడు. మరునాటి నుండి బడి.

ఈ ఆచారంలో గమనించదగిన విషయం ఒకటున్నది. బిడ్డను బడికి ఈడ్చుకుపోవడంతో చదువు మొదలు కాలేదు. బడే బిడ్డ ఇంటికి వచ్చింది. పంతులు, తోటి పిల్లలు ముందు పరిచయమయ్యారు, ఆ తరువాతనే గడప దాటడం. నేటి శిశువిద్యా నిపుణులు బిడ్డను బడికి మెల్లగా అలవాటు చేయాలని చెప్పే మాటను మన పల్లె ఏనాడో ఆచరణలో పెట్టింది.

అయితే పాతదంతా బంగారమని మురిసిపోవడం తగదు. బళ్ళారి జిల్లాలో అప్పుడున్న బడులు 533, చదువుకునేవారు 6,641 మంది. తొమ్మిది లక్షలకు పైగా ఉన్న జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురు మాత్రమే. వారిలో ఆడపిల్లలు బహు కొద్దిమంది. మిగిలిన పిల్లలు ఎక్కడ ఉన్నారు? దానికి కూడా కాంప్‌బెల్ జవాబు రాశాడు. బడి ఖర్చు భరించలేని స్థితికి జనం వచ్చారనీ, లేత చేతులు ఏ కొద్దిపాటి పని చేయగలిగినా పిల్లలను పనిలో పెట్టుకోవలసి వస్తున్నదనీ ఆయన విచారం వెలిబుచ్చాడు. తరువాతి తరాల్లో కూలికి ఓడ ఎక్కినవారిలో అత్యధికులు ఆ 6,641 మంది కోవకు చెందినవారు కారు. లేత చేతులతో పనికి పోయిన ఆ మిగిలినవారి కోవలోనివారే. కనుక మనవారిలో చాలామందికి బడి ఈడు అనేది ఊళ్లోనే దక్కలేదు.

గిర్మిట్ కాగితం మీద మూడు గీతలు

ఇక ఓడ ఎక్కిన తరువాతి సంగతి. ఫిజీకి కూలీల రవాణా 1879లో మొదలై 1916 వరకు సాగింది. మద్రాసు రేవు నుండి దక్షిణాదివారిని తీసుకువెళ్లడం 1903లో ప్రారంభమయింది. ఆ కూలీలకు ఇచ్చిన ఒప్పంద పత్రాన్నే మనవారు గిర్మిట్ అన్నారు. ఆ కాగితంలో పిల్లల వయసు ప్రస్తావన ఉన్నది. ఐదేళ్లలోపు బిడ్డకు చేరిన మొదటి ఏడాది రోజుకు తొమ్మిది ఛటాకుల పాలు, అంటే అర శేరు కంటే కొంచెం ఎక్కువ, ఉచితంగా ఇస్తారు. ఐదు నుండి పన్నెండేళ్ల మధ్యవారికి సుమారు సగం రేషను ఉచితం. పన్నెండు దాటినవారి రేషనుకు పెద్దలతో సమానంగా డబ్బు పట్టుకుంటారు. పదిహేను దాటితే పూర్తి కూలీ. మగవాడికి దినానికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పదిహేనులోపు వారికి చేసిన పనిని బట్టి కూలి.

ఐదు, పన్నెండు, పదిహేను: ఇవీ ఆ కాగితం గీసిన మూడు గీతలు. మన పల్లెలో ఐదో ఏడు అంటే అక్షరాభ్యాసం. గిర్మిట్‌లో ఐదో ఏడు అంటే పాలు ఆగిపోయి సగం రేషను మొదలయ్యే వయసు. ఒకే అంకె, రెండు అర్థాలు. ఆ షరతుల్లో బడి అన్న మాటకు చోటు లేదు.

మరి ఐదేళ్లలోపు బిడ్డ పగలంతా ఎక్కడ ఉండేవాడు? తల్లి చెరకు చేలో ఉంటే గట్టు మీద గుడ్డ ఊయెలలో ఉండేవాడు. మలయా రబ్బరు తోటల్లో తెల్లవారుజామునే హాజరు పిలుపు. దానికి ముందే తల్లి నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుపోయి ఒక పాకలో దింపేది. తమిళ సోదరులు దానిని ఆయా కొట్టాయి అన్నారు. పని చేయలేని ముసలి అవ్వ ఒకామె పది పదిహేనుమంది పసివాళ్లను కనిపెట్టుకొని ఉండేది. మన పిల్లల మొట్టమొదటి కిండర్‌గార్టెన్ అదేనంటే అతిశయోక్తి కాదు. అక్కడ బొమ్మలు లేవు, పలకలు లేవు. అది పిల్లలు ఎదగడానికి కట్టినది కాదు, తల్లుల చేతులు ఖాళీ చేయడానికి కట్టినది. అయినా ఆ అవ్వ నోట ఉన్న భాష మన భాష. ఆమె చెప్పిన కథలే చాలామందికి దక్కిన ఏకైక విద్య.

1923లో మలయా సమాఖ్య రాష్ట్రాల్లో కార్మిక స్మృతి వచ్చింది. ఒక జాతికి చెందిన బడి ఈడు పిల్లలు పదిమంది ఉన్న తోట యజమాని వారికి బడి పెట్టాలన్నది అందులోని నిబంధన. బడి ఈడు అంటే ఏడు నుండి పద్నాలుగేళ్లు. చట్టం మంచిదే. కాని ఏడేళ్లలోపు బిడ్డ చదువు సంగతి అది పట్టించుకోలేదు. పదిమంది తెలుగు పిల్లలు ఒకచోట లేని తోటల్లో మనవాళ్లు తమిళ బడికే వెళ్లారు. తెలుగు బడులు ఉన్నచోట కూడా కాలక్రమాన ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఫలితం మనందరికీ అనుభవమే. నాటాల్‌లో ఇంగ్లీషు, మారిషస్‌లో క్రియోల్, ఫిజీలో హిందీ, మలయాలో తమిళం, మలాయ్ మన పిల్లల మొదటి మాటలయ్యాయి. భాష పెద్ద చదువుల్లో పోలేదు. తల్లి ఒడికి, బడి గడపకు మధ్య ఉన్న ఆ నాలుగైదేళ్లలో పోయింది. ఆ సందులో జారిపోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికే మన సంఘాలు సాయంకాలపు పాఠశాలలు పెట్టి తరతరాలుగా పాటుపడుతున్నాయి.

ముత్యాల తీరంలో చదువు

ఇప్పుడు అరేబియా తీరానికి వద్దాం. చమురు దొరకక ముందు అక్కడివారి జీవనాధారం ముత్యాల వేట, చేపలవేట, ఖర్జూరం. పిల్లల చదువు ముతవ్వా అనే గురువు వద్ద జరిగేది. ఆయన ఇంటిలోనో, చెట్టు నీడనో పిల్లలు చాప మీద కూర్చుని ఖురాను వల్లించేవారు. ఆ బడిని కుత్తాబ్ అంటారు. పఠనం పూర్తి చేసిన బిడ్డను ఊరేగిస్తూ తౌమీనా అనే వేడుక జరిపేవారు. మన పంతులు, మన అక్షరాభ్యాసం గుర్తుకు రావడం లేదూ! మనకు వేడుక మొదట్లో, వారికి చివర్లో. అంతే తేడా.

1912లో షేక్ మొహమ్మద్ బిన్ అహ్మద్ బిన్ దల్మూక్ అనే ముత్యాల వర్తకుడు దుబాయిలోని దేరాలో అహ్మదియ్యా పాఠశాలను నెలకొల్పాడు. ఆ భవనం నేటికీ ఉన్నది. 1953లో షార్జాలోని కాసిమియ్యా పాఠశాలతో ఆధునిక పద్ధతి బడి ప్రారంభమయింది. 1961లో దుబాయిలోని భారతీయులు ఇండియన్ హైస్కూల్ పెట్టుకున్నారు. అప్పటికి ఆ తీరంలో చెలామణి అయ్యే డబ్బు భారత రిజర్వు బ్యాంకు అచ్చువేసిన గల్ఫ్ రూపాయే. 1966 వరకు అదే నడిచింది. 1971 డిసెంబరు 2న సమాఖ్య ఏర్పడింది. మరుసటి ఏడాది, 1972లో, ప్రాథమిక విద్యను పౌరులకు నిర్బంధం, ఉచితం చేస్తూ చట్టం వచ్చింది. చమురు డబ్బుతో రోడ్లు, రేవులు, భవనాలు లేచాయి. వాటిని కట్టడానికి కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి, కడప, గోదావరి జిల్లాల నుండి మనవారు వెళ్లారు. తరువాత ఇంజనీర్లు, వైద్యులు, లెక్కలు చూసేవారు, నర్సులు వెళ్లారు. వారితో కుటుంబాలూ వెళ్లాయి.

శిశువుల విషయంలో అక్కడి చట్టం ఏం చేసిందో చూడండి. 1980 నాటి కార్మిక చట్టం ప్రైవేటు ఉద్యోగంలో ఏడాది నిండిన స్త్రీకి ప్రసవానికి 45 రోజుల పూర్తి జీతపు సెలవు ఇచ్చింది. 1983లో నర్సరీల చట్టం వచ్చింది. నర్సరీలు నాలుగేళ్లలోపు పిల్లలకు. ఎన్నో నర్సరీలు 45 రోజుల శిశువు మొదలుకొని చేర్చుకుంటామని ప్రకటించుకుంటాయి. నలభై ఐదు, నలభై ఐదు! ఆ అంకె బిడ్డ ఎదుగుదలను చూసి పెట్టినది కాదు. తల్లి తిరిగి కొలువులో చేరవలసిన రోజు అది. 2021 నాటి కొత్త కార్మిక చట్టం ఆ సెలవును 60 రోజులు చేసింది. అందులో 45 రోజులు పూర్తి జీతం, 15 రోజులు సగం జీతం.

తోటల్లోని ఆయా కొట్టాయికి, నేటి చల్లని గదుల నర్సరీకి సౌకర్యాల్లో పోలికే లేదు. నర్సరీలో శిక్షణ పొందినవారు ఉంటారు, పరిశుభ్రత ఉంటుంది, తనిఖీలు ఉంటాయి. కాని రెండింటికీ వేళ నిర్ణయించినది ఒక్కటే. అది పెద్దల పనివేళ. దీన్ని తల్లుల మీద నిందగా ఎవరూ తీసుకోకూడదు. మన అమ్మమ్మలు చేలోకి పోకపోతే పొయ్యి వెలిగేది కాదు. నేటి తల్లి ఉద్యోగం మానితే ఇంటి అద్దె కట్టలేని ఇళ్లు ఎన్నో. గీత ఎవరి అవసరం కోసం గీయబడిందో తెలుసుకోవడమే ఇక్కడ ముఖ్యం.

ఒక బిడ్డ, రెండు పంచాంగాలు

ఎమిరేట్లలో సాధారణ క్రమం ఇది. నాలుగేళ్లకు కేజీ-1, ఐదేళ్లకు కేజీ-2, ఆరేళ్లకు ఒకటో తరగతి. బ్రిటిష్ పద్ధతి బడుల్లో పేర్లు వేరు, ఈడు ఇంచుమించు అదే. చిక్కంతా ఆ వయసు ఏ తేదీకి నిండాలి అన్నదాని దగ్గరే ఉన్నది. ఆగస్టు, సెప్టెంబరులలో తెరిచే బడులకు లోగడ ఆగస్టు 31 కొలబద్దగా ఉండేది. 2026-27 నుండి దాన్ని డిసెంబరు 31 చేశారు. భారతీయ పాఠ్యప్రణాళిక నడిపే బడులు అనేకం ఏప్రిల్‌లో తెరుస్తాయి. వాటికి మార్చి 31 అలాగే ఉన్నది.

2022 ఏప్రిల్ 2న పుట్టిన ఒక తెలుగు బిడ్డను ఊహించుకుందాం. తల్లిదండ్రులు ఏప్రిల్ బడిని ఎంచుకుంటే, 2026 మార్చి 31 నాటికి వాడికి నాలుగేళ్లు నిండడానికి రెండు రోజులు తక్కువ. కనుక 2027 ఏప్రిల్ దాకా ఆగాలి. అప్పటికి వాడికి ఐదేళ్లు. ఒకటో తరగతిలో చేరేది 2029లో, ఏడేళ్లకు. అదే బిడ్డను ఆగస్టులో తెరిచే బడిలో వేస్తే 2026లోనే, నాలుగేళ్ల నాలుగు నెలలకు కేజీ-1. ఒకటో తరగతి 2028లో, ఆరేళ్ల నాలుగు నెలలకు. ఇక 2022 డిసెంబరు 20న పుట్టిన పిల్ల అయితే ఆగస్టు బడిలో మూడేళ్ల ఎనిమిది నెలలకే కేజీ-1 బల్ల మీద కూర్చుంటుంది. ఆ తరగతిలో తనకంటే ఇంచుమించు ఏడాది పెద్దవారు ఉంటారు.

ఏడాది ముందు చేరితే ఏడాది ముందు బాగుపడతారని మనవారిలో ఒక నమ్మకం ఉన్నది. ఇందుకు విరుద్ధమైన సాక్ష్యం కొంత చూడాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూడా బడి ఈడుకు డిసెంబరు 31 కొలబద్ద. అక్కడ తొమ్మిది లక్షలకు పైగా పిల్లల వైద్య వివరాలు పరిశీలించి 2012లో ఒక అధ్యయనం ప్రకటించారు. తరగతిలో అందరికంటే చిన్నవారైన డిసెంబరు పిల్లలకు, పెద్దవారైన జనవరి పిల్లల కంటే, నిలకడలేని జబ్బు ఉన్నదని డాక్టర్లు రాయడం మగపిల్లల్లో 30 శాతం, ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువగా కనిపించింది. డిసెంబరులో పుట్టినంత మాత్రాన జబ్బు రాదు. చిన్నతనాన్నే జబ్బుగా లెక్కవేశారన్నమాట. నాలుగేళ్ల బిడ్డకు ఒక ఏడాది అంటే బ్రతికిన కాలంలో నాలుగో వంతు. పెద్దవారితో పోల్చి మందబుద్ధి అనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఆలస్యంగా చేరడం ఎప్పుడూ మంచిదని కూడా చెప్పలేము. ఇంట్లో పలకరించే మనిషి లేక, నాలుగు గోడల మధ్య తెర ముందు కూర్చునే బిడ్డకు బడి ఒక వరం. ఎమిరేట్ల మేడల్లో తాతమ్మలు ఉండరు, వీధి అరుగులు ఉండవు, వేసవిలో బయట ఆడుకోవడానికి ఎండ ఒప్పుకోదు. కనుక ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు ఎలా అన్న ప్రశ్నలో ఉన్నది.

పిల్లల తోట అంటే ఏమిటి

కిండర్‌గార్టెన్ అంటే జర్మన్ భాషలో పిల్లల తోట. ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడు 1837లో బాద్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊరిలో మొదలుపెట్టి, 1840లో దానికి ఈ పేరు పెట్టాడు. తోట అన్న మాట వింటే మనకు చెరకు, రబ్బరు, తేయాకు గుర్తుకొస్తాయి. ఆయన ఉద్దేశించిన తోట వేరు. అక్కడ పిల్లలే మొక్కలు, ఉపాధ్యాయులు తోటమాలులు. కొయ్య బంతులు, దిమ్మెలు, పాట, ఆట, మట్టిపని: ఇవే పాఠాలు. చదవడం, రాయడం ఆయన పెట్టలేదు. మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి భారతదేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చింది. బిడ్డ చేతితో పట్టుకొని నేర్చుకుంటాడని ఆమె చెప్పింది.

ఇది మనకు కొత్త విద్య కాదు. బొమ్మరిల్లు కట్టడం, గుజ్జనగూళ్లు వండడం, చెమ్మచెక్క, దాగుడుమూతలు మన పిల్లల తోటలోని పాఠాలే. వామనగుంటల్లో గింజలు పంచే పిల్ల కూడికలు, తీసివేతలు నేర్చుకుంటూనే ఉంటుంది. అచ్చనగిల్లలు ఆడే వేళ్లు రేపు పెన్ను పట్టడానికి సిద్ధమవుతూ ఉంటాయి. మద్రాసులో 1940 ప్రాంతాల నుండి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగు పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పిన పద్ధతీ ఇదే.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో 1962 నుండి 1967 వరకు 123 మంది పేద నల్లజాతి పిల్లలతో పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం జరిగింది. సగం మందికి మాత్రమే ఆ బడి. రోజుకు రెండున్నర గంటలు. ఆటలో తాము ఏం చేస్తామో పిల్లలే చెప్పి, చేసి, తరువాత చేసినది వివరించాలి. వారానికొకసారి ఉపాధ్యాయురాలు బిడ్డ ఇంటికి వెళ్లి తల్లితో కూర్చునేది. నలభై ఏళ్ల వయసులో చూస్తే ఆ బడికి వెళ్లినవారు వెళ్లనివారి కంటే ఎక్కువ సంపాదిస్తున్నారు, తక్కువగా కేసుల్లో చిక్కుకున్నారు. దానికి భిన్నంగా, టెన్నెస్సీ రాష్ట్రంలో 2,990 మంది పేద పిల్లల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. నాలుగేళ్లకే రాష్ట్రప్రభుత్వ బడిలో చేరిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి చేరనివారి కంటే పరీక్షల్లో వెనుకబడ్డారు. త్వరగా చేర్చడమే మేలు చేస్తుందని అనుకుంటే ఈ రెండింటికీ పొంతన కుదరదు. బడి పొద్దు చిన్నది, ఆట పెద్దది, ఇంటితో సంబంధం గట్టిది అయినచోట మేలు జరిగింది. మన పంతులు బిడ్డ ఇంటికి వెళ్లి బియ్యంలో వేలు పట్టించిన ఆచారానికి, పెర్రీ ఉపాధ్యాయురాలు ఇంటికి వెళ్లడానికి ఎంత దగ్గర చుట్టరికమో చూడండి.

భారతదేశం 2020లో ప్రకటించిన విద్యావిధానం కూడా మూడు నుండి ఎనిమిదేళ్ల వరకు ఉన్న దశను పునాది దశ అన్నది. ఒకటో తరగతికి ముందు మూడేళ్లు ఆటతో కూడిన చదువు, ఆరేళ్లకు ఒకటో తరగతి, వీలైనంతవరకు మాతృభాషలో బోధన అని చెప్పింది. ఎమిరేట్లలో బోధన ఇంగ్లీషులో. దుబాయిలో 2025-26 నుండి నాలుగు, ఆరేళ్ల మధ్య పిల్లలకు ప్రైవేటు బడుల్లో అరబిక్ కూడా తప్పనిసరి చేశారు. ఆ దేశపు భాష నేర్చుకోవడం మర్యాద, ప్రయోజనం కూడా. బిడ్డకు రెండు మూడు భాషలు బరువు కావు. కాని తరగతిలో ఇంగ్లీషు, అరబిక్, ఆటస్థలంలో హిందీ, మలయాళం. మరి తెలుగు ఎక్కడ? బడి ఇవ్వదు. ఇల్లు ఒక్కటే ఇవ్వగలదు. మనం ఏ సందులో భాషను జారవిడుచుకున్నామో అదే సందు వారి ముందూ ఉన్నది.

తండ్రి అక్కడ, బిడ్డ ఇక్కడ

ఇంతవరకు చెప్పినది కుటుంబంతో ఉన్నవారి సంగతి. ఎమిరేట్లలో భార్యాబిడ్డలను దగ్గర ఉంచుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 దిర్హాములతో పాటు నివాసవసతి ఉండాలన్నది 2019లో వచ్చిన నిబంధన. అంత జీతం లేని కూలీ లేబర్ క్యాంపులో ఒంటరిగా ఉంటాడు. వాడి బిడ్డ జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో నాయనమ్మ దగ్గర పెరుగుతూ అంగన్‌వాడీకి వెళుతుంది. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో భాగం. అక్కడ పప్పు, గుడ్డు, ఆట, పాట, అన్నీ తెలుగులో.

ఇది విచిత్రమైన తలకిందులు. మన తోటల్లో కూలీ బిడ్డ తల్లి పక్కనే ఉన్నాడు, భాష పోయింది. గల్ఫు కూలీ బిడ్డకు భాష దక్కింది, తండ్రి దూరమయ్యాడు. ఏ వలసలోనూ బిడ్డకు రెండూ సులువుగా దక్కలేదు. జీతం ఉన్న కుటుంబానికి ఎమిరేట్లలో రెండూ నిలుపుకునే అవకాశం ఉన్నది. అటువంటి అదృష్టం మన పూర్వులకు కలగలేదు. దాన్ని చేజార్చుకుంటే తప్పు తేదీది కాదు.

మనం చెప్పగల మాట

ఎమిరేట్లలోని తెలుగు సోదర సోదరీమణులకు నూటయాభై ఏళ్ల అనుభవం ఉన్న ఇంటివారుగా మనం ఈ నాలుగు మాటలు చెప్పవచ్చు.

మొదటిది, డిసెంబరు 31 అనేది బడివారికి లెక్క చూసుకోవడానికి పెట్టిన గీత. మీ బిడ్డ ఎదుగుదలకు అది గీటురాయి కాదు. మరుగుకు తానే చెప్పగలుగుతున్నదా, ఆకలి, నొప్పి చెప్పుకోగలదా, తల్లిని విడిచి కాసేపు ఉండగలదా అని చూడండి. తరగతిలో చిన్నదైతే ఆ సంగతి పంతులమ్మకు ముందే చెప్పండి.

రెండవది, రేపు ఎక్కడికి వెళతారో తలచుకొని బడి ఎంచుకోండి. ఎమిరేట్లలో కొలువు ఉన్నన్నాళ్లే కాపురం. హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వచ్చే ఉద్దేశం ఉంటే ఏప్రిల్ బడి, మార్చి 31 లెక్క ఇక్కడి పద్ధతికి దగ్గర. తరగతి మధ్యలో మారే బిడ్డకు ఏడాది అటూ ఇటూ కావడం చిన్న కష్టం కాదు.

మూడవది, కేజీలో ఎన్ని పుస్తకాలు ఇచ్చారని అడగకండి. ఎంతసేపు ఆడించారు, ఎన్ని కథలు చెప్పారు, బిడ్డ మాట్లాడితే ఎవరు విన్నారు అని అడగండి. నాలుగేళ్ల బిడ్డకు ఇంటిపని ఇచ్చే బడిని మెచ్చుకోవలసిన పని లేదు.

నాల్గవది అన్నిటికంటే ముఖ్యమైనది. బడి గడప దాటేవరకు, దాటిన తరువాత కూడా, ఇంట్లో తెలుగే మాట్లాడండి. 2022 జనవరి నుండి అక్కడ శని, ఆదివారాలు సెలవులయ్యాయి. నాలుగు కుటుంబాలు వంతులవారీగా ఒక్కొక్క ఇంట్లో పిల్లలను చేర్చి, ఒక పూట తెలుగులో ఆడించి, అన్నం పెట్టి, కథ చెప్పి పంపినా చాలు. ఆయా కొట్టాయిలోని అవ్వకు అంతకంటే ఎక్కువ సాధనాలు లేవు.

సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఎందరో తల్లిదండ్రులు బిడ్డను గోదావరి ఒడ్డున బాసరకు తీసుకువెళ్లి అక్షరాభ్యాసం చేయిస్తారు. చేయించండి. కాని విమానం ఎక్కి తిరిగి వెళ్లిన మరునాడు ఆ బియ్యం పళ్లెం మళ్లీ ముందుకు రావాలి. బిడ్డ వేలు పట్టి రెండో అక్షరం దిద్దించవలసినది తల్లిదండ్రులే. మన ముత్తాతల చేతికి ఆ పళ్లెం అందలేదు. అందినవారు దాన్ని కింద పెట్టకూడదు.